పెద్ద తాబేలుకు కొత్త ఇల్లు



ఈరోజు నేను మాట్లాడబోయే విషయం వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చు. ఆవుకు జ్వరం వస్తే ఏం చేయాలి, గొర్రెలకు నట్టల మందు ఎప్పుడు పట్టాలి అని చెప్పవలసిన పశువైద్యుడు తాబేలు గురించి ప్రసంగమేమిటి అనిపించవచ్చు. కాని కొన్నేళ్లుగా నా దగ్గరకు తరచు వస్తున్న ప్రశ్న ఒకటి ఉంది. "డాక్టరుగారూ, పిల్లవాడి ముచ్చట కోసం తెచ్చిన తాబేలు ఇప్పుడు పీటంత అయిపోయింది. ఇంట్లో ఉంచుకోలేకపోతున్నాం. ఎవరికైనా ఇచ్చేయాలి. ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి?" ఈ ప్రశ్నకు జవాబు రెండు మాటల్లో తేలేది కాదు. అందుకే ఈ ప్రసంగం.

ముందుగా మన ఇళ్లల్లో తాబేలు మీద ఉన్న నమ్మకాల సంగతి ఒక మాట. తాబేలు ఇంట్లో ఉంటే లక్ష్మి నిలుస్తుందని కొందరు దాన్ని వెతికి వెతికి కొని తెస్తారు. తమిళనాట స్థిరపడిన మనవాళ్లకు ఇంకో మాట కూడా తెలుసు. తాబేలు జొచ్చిన ఇల్లూ, అమీనా జొచ్చిన ఇల్లూ బాగుపడవంటారు అక్కడ. ఒకే వీధిలో ఒక ఇంటివారు అదృష్టమని తెస్తారు, పక్కింటివారు అరిష్టమని బయటకు తోసేస్తారు. ఆ ఇంట్లో కలిమి వచ్చినా లేమి వచ్చినా దానికి కారణం తాబేలు కాదు. దానికి కావలసినది ఎండ, గడ్డి, తిరగడానికి చోటు. కొనేవారూ తోసేవారూ ఆ మూడింటినీ అడగడం మరచిపోతున్నారు.

రెండవ సంగతి మన భాషకు సంబంధించినది. తెలుగులో మనం అన్నిటినీ తాబేలు అనే అంటాం. చెరువులో ఈదేది తాబేలే, సముద్రంలో ఉండేది తాబేలే, మెట్టనేలలో గడ్డి మేసేదీ తాబేలే. కాని వీటి బతుకులు వేరు. ఒడిశాలో రుషికుల్య నది ముఖద్వారం దగ్గర గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే సముద్రపు తాబేలు. దాని కాళ్లు తెడ్లలాగా ఉంటాయి. చెరువు తాబేలు కాలివేళ్ల మధ్య చర్మం ఉంటుంది. మెట్ట తాబేలు కాళ్లు చూడండి, చిన్న ఏనుగు కాళ్లలాగా స్తంభాల్లా ఉంటాయి. వాటితో ఈదడం దానికి చేతకాదు. తాబేలు కదా అని జాలిపడి దాన్ని తీసుకువెళ్లి బావిలోనో, గుడి కోనేటిలోనో వదిలేవారు ఉన్నారు. పుణ్యం చేశామనుకుంటారు. అది కాసేపు కొట్టుకుని మునిగి చచ్చిపోతుంది. ఈ ప్రసంగంలో మరేదీ గుర్తుండకపోయినా ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి. స్తంభాల్లాంటి కాళ్లున్న తాబేలును నీటిలో వదలకూడదు.

ఇక మీ ఇంట్లో ఉన్నది ఏ తాబేలో తెలుసుకోవడం తరువాతి పని. కోలారు, హోసూరు, మదనపల్లె, అనంతపురం ప్రాంతాల మెట్టపొదల్లో తిరిగే తాబేలు ఒకటి ఉంది. నల్లని చిప్ప మీద పసుపు గీతలు నక్షత్రాల్లా పరచుకుని ఉంటాయి. దాన్ని నక్షత్ర తాబేలు అంటాం. ఇది మన దేశపు వన్యప్రాణి. దీన్ని ఇంట్లో పెంచడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని 2022లో సవరించినప్పుడు దీన్ని మొదటి షెడ్యూలులో చేర్చారు. ఆ షెడ్యూలులోని జంతువుల విషయంలో నేరం రుజువైతే మూడేళ్లకు తగ్గని జైలు, ఏడేళ్ల దాకా పడవచ్చు. దానికి తోడు కనీసం 25,000 రూపాయల జరిమానా. 2019లో అంతర్జాతీయ వ్యాపార ఒప్పందంలోనూ దీన్ని అత్యంత కట్టుదిట్టమైన జాబితాలోకి మార్చారు. అంత అవసరం ఎందుకొచ్చిందంటే, మన మెట్టల్లో ఏరిన తాబేళ్లు పెట్టెల్లో, సంచుల్లో విదేశాలకు వేలాదిగా తరలిపోతూ వచ్చాయి. 2018లో సింగపూరు నుంచి 51 నక్షత్ర తాబేళ్లను కర్ణాటకకు తిరిగి తీసుకువచ్చారు. అలా తిరిగి రాగలిగినవి బహు కొద్ది.

మీ ఇంట్లోనో, మీకు తెలిసినవారి ఇంట్లోనో నక్షత్ర తాబేలు ఉంటే దాన్ని మరొకరికి ఇవ్వకూడదు, అమ్మకూడదు. మీ అంతట మీరే తీసుకువెళ్లి పొలంలో వదలనూ కూడదు. దగ్గరలోని అటవీశాఖ కార్యాలయానికి చెప్పి అప్పగించడమే దారి. శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మంలో కూర్మనాథస్వామి ఆలయ ఆవరణలో నక్షత్ర తాబేళ్లను సంరక్షిస్తున్నారు. బరంపురం, పర్లాకిమిడి నుంచి వెళ్లే మన భక్తులు చూసే ఉంటారు. అది చూసి, మన ఇంటి తాబేలును కూడా అక్కడ వదిలి వద్దాం అనుకోకండి. ఒక ఇంట్లో పెరిగిన తాబేలుకు జలుబు లాంటి రోగం ఉంటే, అది అక్కడున్న వాటన్నిటికీ అంటుకుంటుంది.

మరి పీటంత అయిపోయే తాబేలు ఏది? అది మనది కాదు. ఆఫ్రికాది. సహారా ఎడారి దక్షిణపు అంచున, సెనెగల్ మొదలు సూడాన్, ఇథియోపియాల వరకు ఉన్న ఎండు నేలల్లో పుట్టినది. సుల్కాటా అంటారు. పెంపుడు జంతువుల దుకాణాల్లో పిల్లగా ఉన్నప్పుడు అరచేతిలో పడుతుంది. గుడ్డులోంచి వచ్చినప్పుడు రూపాయి బిళ్లకు రెట్టింపు కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. అమ్మేవారు "చిన్నగానే ఉంటుందండీ" అంటారు. నిజానికి ప్రపంచంలోని మెట్ట తాబేళ్లలో ఇది మూడవ పెద్దది. గలాపగోస్, ఆల్డాబ్రా ద్వీపాల మహా తాబేళ్లను మినహాయిస్తే దీనికంటే పెద్దది లేదు. బాగా పెరిగిన మగది 40, 50 కిలోలు సులువుగా తూగుతుంది. 80 కిలోలు దాటినవీ ఉన్నాయి. 70 ఏళ్లు, అంతకు పైన బతకగలదు. అంటే పదేళ్ల పిల్లవాడికి కొనిచ్చిన తాబేలు, ఆ పిల్లవాడు తాతయ్యాక కూడా ఉంటుంది.

ఇప్పుడు ఒక కుటుంబం సంగతి చెబుతాను. ఇందులో నా పొరపాటు కూడా ఉంది. అందుకే చెప్పాలి.

హోసూరులో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబం వారిది. 2009లో కొడుకు పుట్టినరోజుకు బెంగళూరులో ఒక దుకాణం నుంచి సుల్కాటా పిల్లను తెచ్చారు. పెరట్లో పెంచారు. ఏడేళ్లు గడిచేసరికి దాని చిప్ప అడుగు పొడవు దాటింది. 2016లో ఒకసారి వాళ్లింటికి దూడను చూడటానికి వెళ్లాను. ఇంటావిడ అడిగింది. "ఇది ఎప్పుడూ గోడ వారనే తిరుగుతుంది డాక్టరుగారూ, ఒంటరిగా దిగులు పడుతోందేమో?" నేను ఆలోచించకుండా అనేశాను. "జోడీ తెచ్చి పెట్టండమ్మా, సరిపోతుంది" అని. ఆవులకూ మేకలకూ మందలో ఉంటేనే బాగుంటుంది. ఆ అలవాటు కొద్దీ అన్న మాట అది. తాబేలు మందలో బతికే జంతువు కాదని అప్పటికి నాకు పట్టలేదు.

వాళ్లు నా మాట మీద ఇంకొకరి దగ్గర నుంచి మరో సుల్కాటాను తెచ్చారు. దాన్ని ఇచ్చినాయన ఆడదన్నాడు. అప్పటికది జానెడే ఉంది. ఆ వయసులో ఆడో మగో ఎవరూ గట్టిగా చెప్పలేరు. రెండూ మొదట్లో బాగానే ఉన్నాయి. రెండేళ్ల తరువాత పెద్దది చిన్నదాన్ని వెంటబడి తోయడం మొదలుపెట్టింది. ఆడుకుంటున్నాయని ఇంట్లోవాళ్లు ఫోటోలు తీశారు. 2019 ఏప్రిల్‌లో ఒకరోజు ఇంట్లో అందరూ పెళ్లికి వెళ్లారు. సాయంత్రం తిరిగి వచ్చి చూస్తే చిన్నది వెల్లకిలా పడి ఉంది. పెద్దది తల కింద ముట్టెతో ఎత్తి తిరగేసింది. నడి ఎండలో పొట్ట పైకి ఉండి, ఊపిరాడక, వేడికి ఉడికి చచ్చిపోయింది. నేను పరీక్షించి చూస్తే అదీ మగదే. ఆ ఇంటి అబ్బాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధనిపించింది. ఆ తరువాత ఈ జంతువు గురించి చదవడం, పెంచిన వారిని అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను. అలా తెలుసుకున్నవే ఇప్పుడు మీకు చెబుతున్నాను.

మొదటి సంగతి. మెట్ట తాబేలు ఒంటరిగా బతకడానికి అలవాటు పడ్డ ప్రాణి. దానికి తోడు లేకపోతే దిగులు పట్టదు. గోడ వెంబడి అదే పనిగా తిరుగుతోందంటే చోటు చాలడం లేదనో, ఆకలిగా ఉందనో, ఆడదైతే గుడ్లు పెట్టే చోటు వెతుకుతోందనో అర్థం. మరో తాబేలును తెస్తే ఆ ఉన్న కాస్త చోటూ సగమైపోతుంది.

రెండవ సంగతి. రెండు మగవాటిని ఒకచోట ఉంచకూడదు. పెద్దయిన మగ సుల్కాటాకు గొంతు కింద చిప్ప రెండు కొమ్ముల్లాగా ముందుకు పొడుచుకు వస్తుంది. దాన్ని ఎదుటిదాని చిప్ప కిందికి పోనిచ్చి ఎత్తి పడేస్తుంది. తిరగబడ్డ తాబేలు మళ్లీ బోర్లా పడలేకపోతే, ఎండ ఎక్కువగా ఉన్న రోజున కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. ఇవాళ కొట్టుకోలేదు కాబట్టి రేపూ కొట్టుకోవు అనుకోవడానికి లేదు. చిన్నప్పటి నుంచి కలిసి పెరిగినవైనా సరే, ఈడు వచ్చాక పరిస్థితి మారిపోతుంది.

మూడవ సంగతి. ఒక మగ, ఒక ఆడ అనే జోడీ కూడా మంచిది కాదు. మనకు జంట అనగానే ముచ్చటగా అనిపిస్తుంది. తాబేళ్లలో అది ఆడదానికి హింస. మగది రోజంతా వెంటపడుతుంది. కాళ్లు కొరుకుతుంది, చిప్పతో ఢీకొడుతుంది, మీదికి ఎక్కుతుంది. ఆడది మేత దగ్గరకు రాలేక మూలకు చేరుతుంది. చిక్కిపోతుంది. చిప్ప వెనుక అంచు అరిగిపోయి పుండు పడుతుంది. అడవిలోనైతే అది తప్పించుకుని దూరంగా వెళ్లిపోగలదు. పెరట్లో గోడ అడ్డం. ఒక మగదానితో పాటు మూడు నాలుగు ఆడవాటిని, చాలా విశాలమైన చోట, మధ్యలో పొదలూ రాళ్లూ అడ్డం ఉండేలా ఉంచగలిగితే కొంత నయం. అంత చోటు మనలో ఎంతమందికి ఉంది? కాబట్టి సామాన్య గృహస్థుకు నేను చెప్పే సలహా ఒకటే. ఒక తాబేలుకు ఒక ఆవరణ.

ఒకటి కంటే ఎక్కువ ఉండి తీరవలసి వస్తే మగవాటిని విడివిడిగా ఉంచండి. మధ్య గోడ అవతలివి కనబడనిదిగా ఉండాలి. ఇనుప వల కడితే చాలదు. వలలోంచి అవతలిది కనబడుతూ ఉంటే మగది రోజంతా ఆ వల మీదికే దూకుతూ ముట్టె పగలగొట్టుకుంటుంది. ఆడవి కలిసి సాధారణంగా శాంతంగానే ఉంటాయి. అయినా వాటిలోనూ ఒకటి రెండవదాన్ని మేత దగ్గరకు రానివ్వకపోవచ్చు. మేతను రెండు మూడు చోట్ల వేయాలి, నెలకొకసారి బరువు తూచి రాసి పెట్టాలి. కలసి ఉన్న రెండింటిలో ఒకటి పెరుగుతూ రెండవది పెరగకుండా ఉంటే, కొట్లాట కంటికి కనబడకపోయినా లోపల జరుగుతోందని తెలుసుకోవాలి.

ఆడదో మగదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. చిప్ప అడుగు, అడుగుంబావు పొడవు వచ్చేదాకా ఓపిక పట్టాలి. మగదానికి పొట్టచిప్ప లోపలికి పల్లంగా ఉంటుంది, తోక పొడవుగా లావుగా ఉంటుంది, గొంతు కింది కొమ్ములు పెద్దవి. ఆడదానికి పొట్టచిప్ప బల్లపరుపుగా, తోక పొట్టిగా ఉంటుంది. మన నక్షత్ర తాబేళ్లలో ఆడది మగదానికంటే పెద్దది. సుల్కాటాలో మగదే పెద్దది. కాబట్టి పెద్దది మగదని, చిన్నది ఆడదని అన్ని జాతులకూ ఒకే లెక్క కట్టకూడదు. ఇంకో విశేషం. పిల్ల ఆడదవుతుందో మగదవుతుందో గుడ్డు పొదిగే వేడిని బట్టి ఉంటుంది. చల్లగా ఉంటే మగవి ఎక్కువ, వేడిగా ఉంటే ఆడవి ఎక్కువ. కాబట్టి పిల్లను అమ్ముతూ ఇది ఆడదే అని ఒట్టు పెట్టి చెప్పేవారి మాట నమ్మకండి.

నాలుగవ సంగతి గుడ్లు. సుల్కాటా ఒక విడతకు 15 నుంచి 30 దాకా గుడ్లు పెడుతుంది. ఏడాదిలో రెండు మూడు విడతలు కూడా పెట్టవచ్చు. విడతకు 20 చొప్పున రెండు విడతలైతే ఏడాదికి 40 అయ్యాయి. పదేళ్లకు 400. అందులో సగం బతికి పెరిగినా, ఒక్కొక్కటీ 40 కిలోల జంతువు. వాటికి ఇళ్లెక్కడ దొరుకుతాయి? ఒక పెద్ద తాబేలుకు ఇల్లు వెతకడానికే ఇంత ప్రయాస పడుతున్నాం. అమెరికాలో ఆరిజోనా వంటి ఎండ ప్రాంతాల్లో ఈ జాతిని ఇష్టం వచ్చినట్టు పెంచి, పిల్లలు చేయించి, ఇప్పుడు ఎక్కడ ఉంచాలో తెలియక సంరక్షణ కేంద్రాలు నిండిపోయాయి. అక్కడి స్థానిక ఎడారి తాబేలు విషయంలో ఆ రాష్ట్రం గట్టి నియమం పెట్టింది. దత్తతకు ఇస్తారు గాని, ఇంట్లో పిల్లలు చేయించడానికి వీలు లేదు. ఆ తెలివి మనకు ముందే వస్తే మంచిది.

ఆడదాన్ని మగదాని నుంచి ఈరోజు విడదీశాం కదా, ఇక గుడ్లు పొదగవు అనుకోకండి. ఆడ తాబేలు మగదాని బీజాన్ని ఒంట్లో దాచుకుని ఏళ్ల తరువాత కూడా పిల్లలయ్యే గుడ్లు పెట్టగలదు. మగదాని తోడు లేకపోయినా ఆడది గుడ్లు పెడుతుంది, అవి మాత్రం పొదగవు. కాబట్టి ఆడదాన్ని పెంచేవారు అడుగున్నర లోతున తవ్వడానికి వీలైన మెత్తని మట్టి, ఎండ తగిలే చోటు ఉంచి తీరాలి. అంతా సిమెంటు గచ్చు అయితే గుడ్లు లోపలే ఆపుకుంటుంది. మేత మానేసి, వెనుక కాళ్లతో నేలను గీరుతూ, ముక్కుతూ ఉంటే వెంటనే వైద్యుడికి చూపించండి. అలస్యమైతే ప్రాణానికే ముప్పు. పెట్టిన గుడ్లను పిల్లలు కావద్దనుకుంటే, పెట్టిన రోజునో మర్నాడో తవ్వి తీసి ఫ్రీజరులో ఉంచాలి. మనసుకు కష్టమే. కాని ఇల్లు లేని పిల్లలను పుట్టించడం అంతకంటే కష్టం. ఇది విదేశీ జాతి గుడ్ల మాట సుమా. మన దేశపు తాబేలు గుడ్లను తాకనైనా తాకవద్దు.

ఇప్పుడు ఇంటి సంగతి. మన పల్లె లెక్కలో చెప్పాలంటే, పెరిగిన ఒక సుల్కాటాకు కనీసం ఒక సెంటు నేల ఉండాలి. ఎక్కువుంటే మరీ మంచిది. చుట్టూ రెండడుగుల ఎత్తు ఇటుక గోడ, పునాది ఇంకో అడుగున్నర భూమిలోకి. ఎందుకంటే ఇది బొరియ తవ్వే జంతువు. దాని దేశంలో వేడి నుంచి తప్పించుకోవడానికి నిలువెత్తు కంటే లోతుకు తవ్వుకుంటుంది. పెరట్లో ఇంటి పునాది పక్కన మొదలుపెడితే ఇంటికే ప్రమాదం. వానకు ఆ బొరియ కూలితే తాబేలు సమాధి అవుతుంది. అందుకని రాత్రిపూట ఉండటానికి పశువుల కొట్టం లాంటి గట్టి గది కట్టి, నేల మీద ఎండుగడ్డి పరచాలి.

చెన్నై, యానాం వంటి కోస్తా ఊళ్లల్లో చలి బాధ లేదు గాని వర్షాకాలపు తడి ఉంది. బెంగళూరు, హోసూరుల్లో డిసెంబరు రాత్రులు చల్లన. షోలాపూరులోనూ చలికాలపు తెల్లవారుజాములు చల్లగానే ఉంటాయి. ఈ జాతికి శీతనిద్ర లేదు. చలీ తడీ కలిస్తే ముక్కు కారి, నోరు తెరిచి ఊపిరి పీలుస్తూ న్యుమోనియాలోకి దిగుతుంది. రాత్రి గది 15 డిగ్రీలకు దిగకుండా, పొడిగా ఉండాలి. వేడి దీపం పెడితే గడ్డికి తగలని ఎత్తులో గట్టిగా బిగించండి. తాగడానికీ కూర్చోవడానికీ లోతు లేని తొట్టి, తల ఎత్తితే మునగనంత నీళ్లు.

మేత గురించి ఎక్కువ చెప్పక్కరలేదు, అది గడ్డి మేసే జంతువు. పదింట తొమ్మిది వంతులు గరిక, పచ్చగడ్డి, ఎండుగడ్డి. మిగతాది మందార ఆకులు, పూలు, ముళ్లు తీసిన నాగజెముడు, మందు కొట్టని మల్బరీ ఆకు. పెరుగన్నం, రొట్టె, బిస్కట్లు, కుక్కల మేత పెట్టకూడదు. ప్రేమతో పెట్టే పెరుగన్నమే దాని మూత్రపిండాలను, కడుపును పాడు చేస్తుంది. ఎండ తగలక, సున్నం చాలక పెరిగిన పిల్లల చిప్ప మెత్తబడుతుంది. పెద్దయ్యాక అది బాగుపడదు.

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఎవరికివ్వాలి, ఎలా ఇవ్వాలి?

ముందు కాగితాలు చూసుకోండి. విదేశీ జాతుల పెంపకం మీద ఇంతకు ముందున్న అయోమయం ఇప్పుడు లేదు. 2020లో కేంద్ర పర్యావరణ శాఖ స్వచ్ఛందంగా వివరాలు చెప్పమని అవకాశం ఇచ్చింది. 2024లో సజీవ జంతు జాతుల నమోదు నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం సుల్కాటా వంటి జాతులు ఉన్నవారు పరివేష్ పోర్టల్ ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షకునికి నమోదు చేసుకోవాలి. మరొకరికి ఇచ్చినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలియజేయాలి. కాబట్టి గుట్టుగా ఇచ్చేయడం కుదరదు. ఏ కాగితమూ లేనివారు భయపడి రాత్రిపూట చెరువు గట్టున వదిలేసి రాకండి. అటవీశాఖ వారి దగ్గరకు వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి, వారి సలహా ప్రకారం నడవండి. మన అడవిలో విదేశీ తాబేలును వదలడమంటే అక్కడి నక్షత్ర తాబేళ్లకు మేత పోటీని, తెలియని రోగాలను వదలడమే.

తరువాత మనిషిని చూడండి. తీసుకుంటానన్న మొదటివారికే ఇవ్వకండి. వారి ఇంటికి వెళ్లి చూడండి. పిల్లకు సంబంధం చూసినట్టు చూడమంటాను నేను. చోటుందా, గోడ ఉందా, రాత్రి గది ఉందా, కుక్కలున్నాయా? పెంపుడు కుక్కే అయినా తాబేలు కాళ్లూ తలా కొరికి నమలడం నేను చూశాను. ఆ ఇంట్లో ఇప్పటికే మరో తాబేలు ఉందా, ఉంటే ఆడదా మగదా? మగదున్న చోటికి మగదాన్ని, వేరే ఆవరణ లేకుండా, ఇవ్వనే వద్దు. ఆడదాన్ని అడుగుతున్నవారు పిల్లలు చేయించి అమ్మడానికి అడుగుతున్నారేమో ఆరా తీయండి. "ఊరికే ఇస్తున్నారా?" అని ఆత్రపడేవారికంటే, "ఏం తింటుంది, ఎంత చోటు కావాలి?" అని అడిగేవారు నయం.

తాబేలుతో పాటు ఒక నోటుపుస్తకం ఇవ్వండి. వయసు, బరువు, మేత, వచ్చిన జబ్బులు, వాడిన మందులు, గుడ్లు పెట్టినదైతే ఆ తేదీలు, నమోదు కాగితాల నకళ్లు అందులో ఉండాలి. కొత్త ఇంట్లో వేరే తాబేళ్లుంటే మూడు నెలలకు తక్కువ కాకుండా వేరుగా ఉంచి, పేడ పరీక్ష చేయించి చూడాలి. వేర్వేరు జాతులను కలపనే కూడదు. తీసుకువెళ్లేటప్పుడు చల్లని వేళ, గాలి ఆడే గట్టి పెట్టెలో, కదలకుండా తీసుకువెళ్లాలి. కొత్త చోట మొదటి కొన్ని రోజులు మేత ముట్టకపోతే కంగారు పడవద్దు. రెండు వారాలు దాటినా ముట్టకపోతే చూపించాలి. పట్టుకున్నవారు, ముఖ్యంగా పిల్లలు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా అనే విరేచనాల క్రిమి ఉండవచ్చు. అమెరికాలో నాలుగు అంగుళాలకు తక్కువ చిప్ప ఉన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించింది పసిపిల్లలకు ఈ రోగం సోకుతున్నందుకే.

ఎవరూ దొరకకపోతే? జంతు ప్రదర్శనశాలలు తీసుకుంటాయి కదా అనుకుంటారు. అన్నీ తీసుకోలేవు. వాటికీ చోటు పరిమితమే. అడిగి చూడటంలో తప్పు లేదు గాని, దొరికేదాకా పోషించే బాధ్యత మీదే. ఈ లోపల కనీసం మగవాటిని వేరు చేయండి, గుడ్లు పొదగకుండా చూడండి. సమస్యను పెంచకుండా ఆపడం కూడా ఒక సాయమే.

చివరగా ఒక మాట. తాబేలు మనకంటే ఎక్కువ కాలం బతుకుతుంది. కలకత్తా అలీపూర్ జంతు ప్రదర్శనశాలలో అద్వైత అనే ఆల్డాబ్రా తాబేలు ఉండేది. ఎన్ని తరాల సంరక్షకులను చూసిందో, 2006లో కన్నుమూసింది. మన ఇంట్లో తాబేలుకు ఆ రెండవ తరం సంరక్షకుడు ఎవరు? పొలం ఎవరికి, నగలు ఎవరికి అని ఆలోచించి రాసేటప్పుడు, తాబేలు ఎవరికి అని కూడా ఒక వాక్యం రాసి, ఆ మనిషిని ముందే అడిగి ఒప్పించి పెట్టండి. నవ్వులాటకు అనడం లేదు. పెద్దవాళ్లు పోయాక అమెరికా నుంచి వచ్చిన పిల్లలు మూడు రోజుల్లో ఇల్లు ఖాళీ చేస్తూ, పెరట్లో ఉన్న తాబేలును ఏం చేయాలో తోచక నాకు ఫోను చేసిన సందర్భాలున్నాయి.

హోసూరు కుటుంబం సంగతి సగంలో వదిలాను. ఇల్లు అమ్మి అపార్టుమెంటుకు మారవలసి వచ్చినప్పుడు వారు ఆ తాబేలును గుట్టుగా వదిలించుకోలేదు. 2024లో నమోదు చేయించారు. ఐదు నెలలు వెతికారు. నలుగురు అడిగితే ముగ్గురిని కాదన్నారు. ఒకరికి చోటు లేదు, ఒకరి దగ్గర అప్పటికే మగది ఉంది, ఇంకొకరు దానికి జత తెస్తామన్నారు. నాలుగవ ఆయనకు మామిడితోట ఉంది. గోడ కట్టించాకే ఇస్తామన్నారు, ఆయన కట్టించారు. శాఖకు తెలియజేసి, 42 కిలోల తాబేలును ఇద్దరు మనుషులు మోసి పెట్టి వచ్చారు. ఒక్కటే ఉంటోంది. గోడ వారన తిరగడం లేదు, తోటలో గడ్డి మేస్తోంది. నేను అప్పుడప్పుడు వెళ్లి చూస్తాను. ఇప్పుడు ఎవరైనా "ఒంటరిగా ఉంది, జోడీ తెమ్మంటారా?" అని అడిగితే, "వద్దమ్మా, ఇంకాస్త చోటివ్వండి" అని చెబుతున్నాను.

మీ ఇంట్లో తాబేలుంటే ఈ సాయంత్రమే ఒకసారి పెరట్లోకి వెళ్లి చూడండి. దాని కాళ్లు చూడండి, చోటు చూడండి, పక్కన మరొకటుంటే రెండూ మేస్తున్నాయో లేదో చూడండి. ఇంట్లో లేకపోతే, అరచేతిలో పట్టే పిల్లను చూసి కొనబోయే ముందు 40 కిలోలు, 70 ఏళ్లు అనే రెండు అంకెలు తలచుకోండి.